కరణమా, కర్తయా?

యంత్రమునకు పని చెప్పుటకై మనుష్యుడు కల్పించుకొనిన భాషలు నేడు వందలకొలది వాడుకలో నుండగా, వానిలో ఒకదానిని విడిచి మరియొకదానిని చేపట్టినంత మాత్రమున పని వేగముగా తెములునా, వ్యయము తగ్గునా అను ప్రశ్న సాఫ్ట్‌వేర్ వృత్తిలోనివారిని అర్ధశతాబ్దికి పైగా వదలకున్నది. పైకి చూడగా ఇది జమాఖర్చుల పుస్తకమునకు చెందిన ప్రశ్న. వర్తకులును మేనేజర్లును తేల్చుకొనవలసినది. కాని దాని లోతు వేరు. ఒక పని ఫలించినప్పుడు ఆ ఫలమును ఎవరి ఖాతాలో వ్రాయవలయును, చేసినవాని ఖాతాలోనా, అతని చేతిలోని సాధనము ఖాతాలోనా, అతడు నిలిచిన నేల ఖాతాలోనా, లేక వీనికన్నింటికిని అతీతమైన మరియొకదాని ఖాతాలోనా అని మన దార్శనికులు తరతరములుగా తర్కించిన ప్రశ్నకే ఇది నేటి రూపము. ఆ తర్కపు రుచి యెరిగినవారు ఈ ప్రశ్నను వర్తకులకు విడిచి ఊరకుండుట తగదని నా నమ్మకము.

మా కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్నకు బరువు మరింత హెచ్చు. బందరు, గుడివాడ, పెడన, అవనిగడ్డ, ఏ ఊరు తీసికొన్నను, ఈ వృత్తిని నమ్ముకొని హైదరాబాదునకో బెంగుళూరునకో అమెరికాకో తరలిపోయిన బిడ్డ లేని వీధి అరుదు. పొలమమ్మి కొడుకును చదివించిన తండ్రికి జావా యనగా ఏమో పైథాన్ యనగా ఏమో తెలియకపోవచ్చును గాని, వానిలో ఏది పట్టిన పిల్లవాడు నిలద్రొక్కుకొనునో తెలిసికొనవలెనను తపన మాత్రము కొండంత యుండును. గుడివాడలో పెద్దమనిషి యొకరు, "ఏవండీ, మావాడికి జావా చెప్పించమంటారా, పైథాను చెప్పించమంటారా? మీరేది చెబితే అదే చేయిస్తాను" అని నన్ను నిలబెట్టి అడిగిరి. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయముల గోడలు నిండ వ్రేలాడు బోర్డులన్నియు ఆ ప్రశ్నకు సమాధానములే. ఒక్కొక్క బోర్డు ఒక్కొక్క భాషను కల్పవృక్షముగా చూపును. ఏ ఆయుధము చేతికిచ్చిన నా బిడ్డ గెలుచునని యడుగు తండ్రికి, ఆయుధము గెలిపించునా అని ఎదురు ప్రశ్న వేయుట క్రూరముగా తోచవచ్చును. అయినను ముందు తేలవలసినది అదియే.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మ సిద్ధించుటకైనను ఐదు కారణములు కావలయునని చెప్పబడినది. కర్మకు ఆశ్రయమైన అధిష్ఠానము, చేయువాడైన కర్త, పలువిధములైన కరణములు, వేర్వేరు చేష్టలు, ఐదవది దైవము. ఇట్లుండగా తన్నొక్కనినే కర్తగా తలచువాడు ఉన్నదానిని ఉన్నట్లు చూడలేనివాడని వెనువెంటనే మందలింపు కలదు. అధిష్ఠానమనగా శరీరమనియు, కరణములనగా ఇంద్రియములనియు శంకర భాష్యము. ఆత్మ అకర్తయని స్థాపించుట ఆచార్యుల ఉద్దేశము గనుక వారు శరీరపు టెల్లలు దాటి పోవలసిన పనిలేకపోయినది. నేను ఆ మాటలను శరీరము వెలుపలికి, పనివాని చేతిలోని పనిముట్టు వరకును చాచుచున్నాను. ఇట్లు చాచుటకు తార్కికుల అనుమతి కలదు. కరణమునకు ఉదాహరణము చెప్పవలసి వచ్చినప్పుడెల్ల వారు చేతబట్టినది గొడ్డలినే. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున కరణమును అసాధారణ కారణముగా నిర్వచించెను. ఆ శాస్త్రమును విస్తరించినవారు, గోడకు చేరవేసిన గొడ్డలి చెట్టును నరకదనియు, అది లేచి మ్రాను మీద పడు వ్యాపారము కలిగినప్పుడే దానికి కరణత్వము సిద్ధించుననియు వివరించిరి. కర్తయొక్కడే చాలుననువాడు ఎట్లు పొరబడుచున్నాడో, కరణమొక్కటియే చాలుననువాడును అట్లే పొరబడుచున్నాడు. నేటి కాలమున రెండవ పొరపాటే హెచ్చుగా కానవచ్చుచున్నది.

ఇంత చెప్పి కరణమును చులకన చేయుట నా అభిమతము కాదు. దాని మహిమకు చరిత్రలో గొప్ప సాక్ష్యము కలదు. 1950ల తొలినాళ్లలో యంత్రమునకు పని చెప్పవలయునన్నచో దాని గర్భములోని సంకేతములలోనే, ఏ అంకెను ఏ అరలో ఉంచవలయునో ఏ అరనుండి తీయవలయునో అడుగడుగున వ్రాయవలసి యుండెను. జాన్ బాకస్ నాయకత్వమున ఐబీఎం సంస్థలోని చిన్న బృందమొకటి మూడేండ్లకు పైగా శ్రమించి 1957లో ఫోర్‌ట్రాన్ అను భాషను లోకమునకిచ్చెను. గణితజ్ఞుడు కాగితముపై వ్రాసికొను సమీకరణమునకు దగ్గరగా ఉండు ఆ భాషలో, మునుపు ఇరువది ఆదేశములుగా వ్రాసినది ఇంచుమించు ఒక్క వాక్యమున ఇమిడినది. అటువంటి మార్పును చూచి, భాష యేదైననేమి అని యెవరనగలరు? మరియొక సంగతి సాఫ్ట్‌వేరు నిపుణుడైన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన గ్రంథమున కలదు. ప్రోగ్రామరు ఏ భాషలో వ్రాసినను ఏడాదికి వ్రాయగల వాక్యముల సంఖ్య ఇంచుమించు ఒక్కటిగానే యుండుననియు, కావున ఒక్కొక్క వాక్యమున ఎక్కువ అర్థము మోయగల భాషను ఎన్నుకొన్నవానికి ఆ మేరకు పని కలిసివచ్చుననియు ఆయన నాటి అనుభవములను బట్టి వ్రాసెను.

అదే బ్రూక్స్ పదునొకండేండ్ల తరువాత, 1986లో, మరియొక వ్యాసము వ్రాసి, రానున్న దశాబ్దములో ఏ ఒక్క సాధనమును పనిని పదింతలు చేయజాలదని కుండబద్దలు కొట్టినట్లు చెప్పెను. ఈ రెండు మాటలకు పొంతన యెక్కడనన్నచో, ఆయన అరిస్టాటిల్ నుండి తెచ్చుకొనిన ఒక విభాగమున దొరకును. మన వేదాంతులకు అది క్రొత్త కాదు. సాఫ్ట్‌వేరు పనిలోని క్లేశములు రెండు విధములు: స్వాభావికములు, ఆగంతుకములు. చేయవలసిన కార్యము స్వయముగా చిక్కులది యగుటచేత కలుగు క్లేశము స్వాభావికము. ఒక బ్యాంకు వడ్డీ కట్టు విధానములో పదునారు మినహాయింపులున్నచో, ఏ భాషలో వ్రాసినను అవి పదునారే. దానిని యంత్రమునకు వినిపించుటలో కలుగు అవస్థ ఆగంతుకము. భాష తొలగింపగలది రెండవదానినే. ఫోర్‌ట్రాన్ తొలగించినది కొండంత ఆగంతుక క్లేశము గనుక ఫలము కొండంతగా కనబడినది. తరువాత వచ్చిన భాషలకు మిగిలినది నానాటికి కరగుచున్న గుట్ట.

పెడనలోని అద్దకపు శాలలో ఒక్క పూట నిలబడి చూచినవారికి ఈ భేదము పుస్తకములతో పనిలేకయే బోధపడును. ఈస్టిండియా కంపెనీవారు 1611లో బందరులో కొట్టు తెరచునాటికే ఈ తీరమున అద్దకపు వస్త్రములకు సముద్రాంతర ఖ్యాతి కలదు. ఆ విద్య నేడు ఎక్కువగా పెడనలో బ్రతుకుచున్నది. కోరా గుడ్డను శుభ్రపరచి కరక్కాయ నీటిలో ముంచి ఆరవేయుదురు. ఇనుప ముక్కలును బెల్లమును నీటిలో వేసి దినములకొలది పులియబెట్టిన రసము ఆ కరక్కాయ తగిలిన గుడ్డపై పడగానే నల్లబడును. కావున నల్లగీత అద్దినవాని కంటికి అప్పుడే కనబడును. ఎరుపు అట్లు కాదు. ఎరుపు రావలసిన తావున అతడు అద్దునది జిగురు కలిపిన పటిక నీరు. దానికి సొంత రంగు లేదు. ఎంతవరకు అద్దినదియు తెలియుటకు మాత్రము, కడిగినచో పోవు రంగు కొంచెము కలుపుకొనును. ఎడమచేత అచ్చును గురి చూచి నిలిపి, కుడి పిడికిలితో దానిపై ఒక్క గ్రుద్దు గ్రుద్ది, లేపి, ప్రక్కకు జరుగును. ఆ గుడ్డను పారు నీటిలో జాడించి, ఎరుపునిచ్చు వేళ్లు వేసి కాగులో మరిగించునప్పుడు గాని పటిక పడిన చోట ఎరుపు తేలదు. బల్లయొద్ద అచ్చు నూలుపోగంత జరిగినను, పటిక చుక్క యొకటి చిందినను, ఆ దోషము ఆనాడు కనబడదు, కాగులోనే బయటపడును. సాఫ్ట్‌వేరు వ్రాయువాని కష్టమును ఇంతకంటె చక్కగా చూపు పనిని నేనెరుగను. అతడును వ్రాయుచున్న దినమున ఎరుగని దోషమును, అది నలుగురి చేతులలో మరిగినప్పుడు గాని చూడలేడు.

ఆ టేకు అచ్చుల ప్రక్కకు ఇటీవలి దశాబ్దములలో స్క్రీన్ ప్రింటింగ్ వచ్చి చేరినది. పదుల గ్రుద్దులతో నిండవలసిన గుడ్డ, చట్రము నిలిపి రంగును ఒక్కసారి లాగినంతలో నిండుచున్నది. పని త్వరపడినది, వెల తగ్గినది. కరణము మారిన ఖర్చు మారునా అను ప్రశ్నకు మారునని పెడన తడుముకొనకుండ చెప్పును. కాని చూడుడు: ఏ పూవు ప్రక్కన ఏ తీగ నడువవలయును, అంచునకును నడుమకును పొందిక యెట్లు కుదురవలయును, ఏ రంగు ఏ రంగును మ్రింగివేయును అను విచారము స్క్రీన్ వచ్చినను అంతే యున్నది. తగ్గినది పిడికిలి శ్రమ. తగ్గనిది కంటి శ్రమ. అంతేకాదు, కరక్కాయతోడను పటికతోడను సాధించిన రంగునకును రసాయనపు రంగునకును ఉన్న తారతమ్యము కొట్టులో కొనువానికి తెలియదు. రెండును కలంకారీ పేరనే అమ్ముడుపోవుచున్నవి. అచ్చు పనివానికి పోయిన కూలి స్క్రీన్ యజమాని లెక్కలో ఎక్కడను కనబడదు. ఖర్చు తగ్గినదని యెవరైన చెప్పినప్పుడు, ఎవరి పుస్తకములో తగ్గినదని అడుగుట పెడన నాకు నేర్పిన పాఠము.

కర్త విషయమునకు వత్తును. జర్మనీలోని కార్ల్‌స్రూహె విశ్వవిద్యాలయమునకు చెందిన లుట్స్ ప్రెఖెల్ట్ 2000లో ఒక పరిశీలన ప్రకటించెను. టెలిఫోను అంకెలను మాటలుగా మార్చు ఒక చిన్న ప్రోగ్రామును వేర్వేరు మనుష్యులు ఏడు భాషలలో వ్రాయగా వచ్చిన 80 రచనలను ఆయన ఎదురెదురుగా పెట్టి కొలిచెను. పైథాన్, పెర్ల్ వంటి తేలిక భాషలలో వ్రాసినవారికి సీ, జావా వంటివానిలో వ్రాసినవారికి పట్టిన కాలములో సుమారు సగమే పట్టినది. కరణవాదులు సంతోషింపవచ్చును. కాని ఒకే భాషలో వ్రాసిన ఇద్దరు మనుష్యుల నడుమ కనబడిన అంతరము, రెండు భాషల నడుమ కనబడిన అంతరముకంటె తరచు పెద్దదిగా నుండెనని అదే పరిశీలన చెప్పినది. తరువాత 2014లో కొందరు పండితులు బహిరంగముగా లభించు 729 ప్రాజెక్టులను, 17 భాషలను పరీక్షించి, భాషకును దోషముల సంఖ్యకును స్వల్పమైన సంబంధము కలదనిరి. 2019లో మరికొందరు అదే సామగ్రిని తిరిగి తోడి, ఆ స్వల్ప సంబంధములలో పెక్కు నిలువవని తేల్చిరి. లెక్కించు విద్యలో ఇంత ప్రవీణులైనవారి చేతనే భాష యొక్క పాలు ఎంతో ఏరి చూపుట కాకున్నదన్నచో, అది ఐదింటిలో ఒకటిగా మిగిలినవానితో పెనవైచుకొని యుండుటయే అందులకు హేతువు.

అయితే కర్తను కరణమునుండి వేరుచేసి నిలబెట్టుటయు అంత సులభము కాదు. శబ్దము అల్లుకొనని జ్ఞానము లోకమున లేదని భర్తృహరి వాక్యపదీయమున ప్రతిపాదించెను. ఆయన ఉద్దేశించినది శబ్దబ్రహ్మమును. నేను చెప్పుచున్నది యంత్రభాషను. ఆ దూరము నేనెరుగుదును. అయినను కెనెత్ ఐవర్‌సన్ 1979లో కంప్యూటరు శాస్త్రపు ట్యూరింగ్ పురస్కారము స్వీకరించుచు చేసిన ఉపన్యాసమునకు సంకేతలిపి ఆలోచనకు సాధనమగుటనే విషయముగా గైకొనెననుట, డైక్‌స్ట్రా వంటి మహాగణితజ్ఞుడు కోబాల్ అను భాష యొక్క వాడుక బుద్ధిని చెరచునని కఠినముగా నిందించెననుట గమనింపవలసినవి. భాష మొదట చేతిలో నుండును. పదేండ్లకు తలలోనికి చేరును. అప్పుడు కరణము కర్తలో భాగమైపోవును. కావున ఏ భాష మేలను ప్రశ్నకు, దీర్ఘకాలమున అది ఎట్టి మనుష్యుని తయారుచేయునను ప్రశ్న అంటిపెట్టుకొనియే యున్నది. డైక్‌స్ట్రా మాటను మాత్రము నేను పూర్తిగా అంగీకరింపను. ఆయన నిందించిన భాషలో వ్రాయబడిన బ్యాంకు లెక్కలు నేటికిని లోకమున నడుచుచున్నవి. వానిని నిలిపియుంచినవారి బుద్ధి చెడినదనుట అన్యాయము.

సంక్షిప్తతను గూర్చి ఒక మాట. క్లుప్తముగా వ్రాయనిచ్చు భాషయే చవుక భాషయని పలువురు తలతురు. పాణిని కంటె క్లుప్తముగా వ్రాసినవాడు లేడు. సుమారు నాలుగు వేల సూత్రములలో ఒక మహాభాషను బంధించెను. అర్ధమాత్ర మిగిలినను పండుగ చేసికొను సంప్రదాయమది. ఆ క్లుప్తత కంఠస్థము చేయువానికి వరము. కాని ఆ సూత్రముల అర్థము నిలుచుటకు కాత్యాయనుని వార్తికములు, పతంజలి మహాభాష్యము, కాశికావృత్తి, కౌముది, వానిపై మరల వ్యాఖ్యలు కావలసి వచ్చినవి. వ్రాయువాడు మిగిల్చిన శ్రమ చదువువారి పాలబడినది. పాణిని విషయమున ఆ వ్యయము సార్థకమే, అక్కడ చదువుటయే తపస్సు గనుక. కాని బియ్యపు మిల్లు జీతముల పట్టిక తయారుచేయు ప్రోగ్రామునకు భాష్యకారులెవరు దొరకుదురు?

ఇచ్చటనే ధర్మప్రశ్న తల యెత్తుచున్నది. మనుష్యుడు మూడు ఋణములతో పుట్టుననియు, వానిలో ఋషిఋణము అధ్యయనముచేత తీరుననియు శాస్త్రము. పూర్వులు మనకొరకు తెలియునట్లు భద్రపరచి యుంచుటచేతనే మనకది లభించినది. తరువాతివారికి తెలియునట్లు మనము ఉంచిపోవుట ఆ ఋణమును తీర్చు మార్గము. సాఫ్ట్‌వేరు విషయమున ఈ ఋణమును ఎగవేసిన ఫలమును లోకము 1990ల చివర అనుభవించెను. యంత్రములలో చోటు మిక్కిలి ఖరీదైన దినములలో, సంవత్సరమును నాలుగంకెలకు బదులు రెండంకెలతో వ్రాయు ఆచారము పుట్టినది. చోటు చవుకైన తరువాతను ఆ ఆచారము పోలేదు. 2000 సంవత్సరము సమీపింపగా, యంత్రములు దానిని 1900గా పొరబడునను భయముతో దేశదేశముల బ్యాంకులును ప్రభుత్వములును పాత కోబాల్ ప్రోగ్రాములను వరుస వరుసగా విప్పి చూపించుకొనవలసి వచ్చినది. ఆ నిద్రలేని పనిలో పాలుపంచుకొనుటకై తెలుగు యువకులు వేలకొలదిగా మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు చదివి కడలి దాటిరి. మా డెల్టాలోని పెక్కు మేడల పునాది ఆ రెండంకెల కొరతలో నున్నది. దోషమును కోబాల్ నెత్తిన రుద్దినవారు కలరు. కోబాలులో నాలుగంకెలు వ్రాయవలదని ఎవరు శాసించిరి? పొదుపు చేసినవారు ఒక తరమువారు, ఆ పొదుపునకు వడ్డీ కట్టినవారు మరియొక తరమువారు. సాఫ్ట్‌వేరు వ్యయములో వ్రాయునాటి ఖర్చుకంటె, దానిని పోషించు ఖర్చే అధికమని వృత్తిలోనివారందరు ఎరుగుదురు. అయినను భాషను ఎన్నునప్పుడు వ్రాయువాని సౌకర్యమే చర్చకు వచ్చును, పదేండ్ల తరువాత దానిని విప్పి చూడవలసిన అజ్ఞాత బాలుని సంగతి ఎవరికిని పట్టదు. ఆ బాలుడు మన సొంత బిడ్డయే కావచ్చును.

దైవమను ఐదవ కారణమును గూర్చి దివిసీమవారికి నేను చెప్పదగినది లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు విత్తనము మంచిదే, కాలువ నీరు సమృద్ధియే, రైతు చేసిన సేవ లోపము లేనిదే; కోతకు వచ్చిన చేలు, వేలాది ప్రాణములు నీటిలో కలిసినవి. రామానుజులు ఈ ఐదవదానిని అంతర్యామియైన పరమాత్మగా చెప్పిరి. ఆ మాటను ఓదార్పుగా వాడుకొను ధైర్యము నాకు లేదు. ఫలము మన చేతిలో లేదను ఎరుక మాత్రము నాలుగు కారణములను శ్రద్ధగా చూచుకొనవలసిన బాధ్యతను తగ్గింపదు. యంత్రభాషల చరిత్రలో ఎడా అనునది ఇందులకు చిన్న ఉదాహరణము. అమెరికా రక్షణశాఖ తన పనులలో 450కి పైగా భాషలు పెరిగిపోయిన గందరగోళమును చూచి, ఎందరో పండితుల చేత శోధింపజేసి, 1983లో ఆ భాషను ప్రమాణముగా నిలిపినది. వాడితీరవలయునని ఆజ్ఞయు ఇచ్చినది. 1997లో ఆ ఆజ్ఞను తానే ఉపసంహరించుకొన్నది. భాష చెడ్డది కాదు. విమానములలో నేటికిని సేవ చేయుచున్నది. ఎన్నుకొన్నవారును మూఢులు కారు. లోకము వేరొక దారిన పోయినది.

మిగిలినది అధిష్ఠానము. మావారి విజయమునకు మూలము వారు చదివిన కోర్సు అనువారికి, 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్టను, దాని కాలువలు తెచ్చిన మిగులును, 1843లో బందరులో వెలసిన నోబుల్ కళాశాలను, కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో కూడి చదువును చేతిపనిని ఒక్కచోట నేర్పదలచి నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలను చూపవలసి యున్నది. నేల సిద్ధమై యుండెను. విత్తు ఏదైనను మొలచెడిదే. నాకు ఇంతకంటె ముఖ్యముగా తోచు సాక్ష్యము మరియొకటి కలదు. కళింగ దండయాత్రకు పోవుచు కృష్ణదేవరాయలు దివిసీమకు చేరువనున్న శ్రీకాకుళమున ఏకాదశి గడపగా, ఆంధ్రమహావిష్ణువు కలలో సాక్షాత్కరించి తెలుగున కావ్యము వ్రాయుమని యాదేశించెనని ఆముక్తమాల్యద పీఠికలో కలదు. ఆ రాజు భాష తెలియనివాడు కాడు. ఆయన అంతకుముందు సంస్కృతమున రచించిన కృతులను స్వామియే పేర్కొని మెచ్చుకొనెను. అట్టి కరణము చేతిలో నుండగా దానిని ప్రక్కనుంచి వేరొకదానిని చేపట్టుమనుటకు స్వామి చూపిన హేతువుల క్రమము చూడదగినది. ముందు దేశము వచ్చును. తరువాత దాని ప్రభువు వచ్చును. నీ కొలువున నీతో మాటలాడువారు వత్తురు. భాష యొక్క శ్రేష్ఠత చివరి మాటగా వచ్చును. తెలుగు గొప్పదను ఆ చివరి మాటనే మనము జెండాలపై వ్రాసికొన్నాము. ఎవరి నడుమ నిలిచి ఎవరితో మాటలాడుటకు వ్రాయుచున్నావను ముందటి మాటలను మరచితిమి. యంత్రభాషను ఎన్నువారికి నేను శ్రీకాకుళస్వామి క్రమమునే సిఫారసు చేయుదును.

ఈ క్రమము పుణ్యకథలకే పరిమితము కాదు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆ పేరు బోర్డులపై మాయమగుట బందరు నెరిగినవారికి కష్టమే, నాకును కష్టమే. 2019 ఆగస్టులో ఆ విలీనమును ప్రకటించునప్పుడు ప్రభుత్వము చూపిన అనుకూలతలలో ఒకటి, కలియబోవు ఆంధ్రా, కార్పొరేషన్, యూనియన్ బ్యాంకులు మూడును ఇన్ఫోసిస్ వారి ఫినాకిల్ అను ఒకే సాఫ్ట్‌వేరుపై నడుచుచుండుట. దానిని తెచ్చుకొన్ననాడు ఏ బ్యాంకువారును రేపు మనము ఎవరితో కలియుదుమని ఆలోచించి యుండరు. ధర యెంత, వేగమెంత, ఎన్ని శాఖలను మోయగలదు అనియే చూచి యుందురు. తీరా అది ఎవరి లెక్కలు ఎవరు చదువవచ్చునో నిర్ణయించు వస్తువైనది. ఒక సంస్థ ఎవరితో చేరవలయునను పెద్ద నిర్ణయములో ఒక హేతువైనది. నేడు బందరులో గాని గుడివాడలో గాని ఒక సహకార సంఘమో ఒక కళాశాలయో తన పనికి ఒక భాషను ఎన్నదలచి నన్నడిగినచో, ఆ భాషలో ఎన్ని వాక్యములు కలిసివచ్చునని నేను మొదట చూడను. మీ ఊరిలో దానిని చదువగలవారెందరు, మీ పొరుగు సంఘమువారు దేనిలో వ్రాసికొనుచున్నారు, నేడు వ్రాయుచున్న పిల్లవాడు అమెరికా వెళ్లిపోయిన మరునాడు ఆ కాగితములు ఎవరి ముందర పరచుదురు అని యడుగుదును. ఈ మూటికిని వారు సమాధానము చెప్పిన పిమ్మట జావా పైథానుల తారతమ్యమును తీరికగా మాటలాడుకొందము.